కాగితం మీద ఎవరూ ఆపని సరుకు: లిథువేనియా వివాదంలో చిక్కుకున్న ఒక జర్మన్ ఎగుమతిదారు కేసు

యూరప్‌లో కస్టమ్స్, ఎగుమతి నియంత్రణల సలహాదారుగా నేను చూసిన కేసుల్లో, పరిమాణం లెక్కన ఇది పెద్దదేమీ కాదు. రెండు యంత్రాలు, ఒక పెట్టెడు విడిభాగాలు, ఒక రేవు. అయినా దీన్ని వివరంగా రాసిపెట్టడానికి కారణం, ఇందులో మొదటి మూడు వారాలు నేను వేరే ప్రశ్నకు జవాబు వెతుకుతూ గడపడమే. క్లయింటు ఆనవాలు తెలియకుండా ఊరి పేరు, రేవు పేరు, యంత్రం ఏ పరిశ్రమలో వాడతారన్న సంగతి, డబ్బు లెక్కలు వదిలేశాను. ఒకటి రెండు వివరాలు కావాలనే మార్చాను. చట్టాలు, బహిరంగంగా జరిగిన సంఘటనలు, వాటి తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

నేపథ్యం

క్లయింటు జర్మనీలోని ఒక మధ్యస్థాయి కుటుంబ సంస్థ. గాజు, పింగాణీ, లోహపు రేకుల వంటి వాటిని లేజర్‌తో అతి సూక్ష్మంగా కోసే యంత్రాలు తయారుచేస్తుంది. చట్రం, కదలికల వ్యవస్థ, కటకాల అమరిక, నడిపించే సాఫ్ట్‌వేర్ అన్నీ సొంతవే. లేజర్ సోర్స్, అంటే లేజర్ కాంతిని పుట్టించే భాగం, మాత్రం లిథువేనియా నుంచి కొంటుంది. ఇది చవక కోసం చేసుకున్న ఎంపిక కాదు. విల్నియస్‌లో 1966 నుంచే లేజర్ పరిశోధన ఉంది, విశ్వవిద్యాలయం చుట్టూ పెరిగిన కంపెనీలు సెకనులో లక్ష కోట్లవ వంతు, అంతకంటే తక్కువ కాలం మాత్రమే వెలిగే పల్సుల లేజర్లలో ప్రపంచంలోనే ముందు వరుసలో ఉన్నాయి. పల్సు అంత పొట్టిది కావడం వల్ల పదార్థం వేడెక్కేలోపే కోత పూర్తవుతుంది. ముప్ఫై లక్షల జనాభా కూడా లేని దేశం నుంచి ఇలాంటి వస్తువు రావడం యూరప్‌లోని సరఫరా గొలుసులు ఎంత లోతుగా అల్లుకున్నాయో చెబుతుంది. ఆ అల్లికే తరువాత ఈ కేసుకు మూలమైంది.

దౌత్యపరమైన నేపథ్యాన్ని కొంత వివరంగానే చెప్పాలి. 2020 అక్టోబర్ ఎన్నికల తరువాత లిథువేనియాలో అధికారంలోకి వచ్చిన ఇంగ్రిడా షిమోనీటే ప్రభుత్వం, విలువల ఆధారంగా విదేశాంగ విధానం నడుపుతామని ప్రకటించింది. 2021 మేలో, మధ్య, తూర్పు యూరప్ దేశాలతో చైనా నడుపుతున్న 17+1 వేదిక నుంచి ఆ దేశం తప్పుకుంది. అదే ఏడాది జూలైలో విల్నియస్‌లో తైవాన్ కార్యాలయం తెరవబోతున్నట్టు ప్రకటన వెలువడింది. ఇలాంటి కార్యాలయాలు యూరప్‌లో చాలా రాజధానుల్లో ఉన్నాయి, బెర్లిన్‌లోనూ ఉంది. అయితే అవన్నీ ‘తైపీ’ పేరుతో నడుస్తాయి, విల్నియస్‌లో పెట్టింది ‘తైవానీస్’ అనే పేరు. తైవాన్‌ను తన భూభాగంగా చెప్పుకునే చైనా, ఆ ఒక్క మాట కోసం ఆగస్టులో తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది. నవంబర్ 18న కార్యాలయం తెరుచుకోగా, మూడు రోజుల్లో చైనా దౌత్య సంబంధాల స్థాయిని తగ్గించింది. డిసెంబర్ మొదటి రోజుల్లో చైనా కస్టమ్స్ కంప్యూటర్ వ్యవస్థలో సరుకు పుట్టిన దేశాన్ని ఎంచుకునే జాబితా నుంచి లిథువేనియా పేరే మాయమైందని ఎగుమతిదారులు చెప్పసాగారు.

లిథువేనియా ఎగుమతుల్లో నేరుగా చైనాకు వెళ్లేవి దాదాపు ఒక్క శాతమే. అంత చిన్న వాటా మీద దెబ్బ వేస్తే నొప్పి తెలియదు. జర్మన్ యంత్రాల లోపల, జర్మన్ కార్ల లోపల ఉండే లిథువేనియా భాగాల మీద వేస్తే తెలుస్తుంది. ఎందుకంటే అప్పుడు విల్నియస్ మీద ఒత్తిడి తెచ్చే పని జర్మన్ కంపెనీలే చేస్తాయి. ఈ తర్కం నాకు ఇప్పుడు ఇంత తేటగా కనిపిస్తున్నది గాని, డిసెంబర్ రెండో వారంలో ఫోన్ మోగినప్పుడు కనిపించలేదు.

ఎదురైన సమస్య

ఫోన్ చేసింది క్లయింటు లాజిస్టిక్స్ మేనేజర్. ఓడ మీద వెళ్లిన రెండు యంత్రాలు చైనా తూర్పు తీరంలోని ఒక రేవులో దిగి, ‘పరిశీలనలో’ ఉన్నాయి. విమానంలో పంపిన విడిభాగాల పెట్టె, అంటే చైనాలో ఇప్పటికే నడుస్తున్న యంత్రాల మరమ్మతుకు కావలసిన మూడు లేజర్ సోర్సులు, అసలు డిక్లరేషన్ దాఖలు చేసే దశే దాటలేదు. పుట్టిన దేశం గడిలో లిథువేనియాను ఎంచుకోవడం వీలు కావడం లేదని అక్కడి కస్టమ్స్ బ్రోకర్ చెప్పాడు. డిసెంబర్ 7 ప్రాంతంలో పేరు తిరిగి జాబితాలోకి వచ్చింది, కానీ పెట్టె కదలలేదు. యంత్రాల కొనుగోలుదారుతో ఒప్పందంలో ఆలస్యానికి వారం వారం జరిమానా ఉంది, రేవులో డెమరేజ్, అంటే సరుకు తీసుకోవడం ఆలస్యమైనందుకు కట్టే రుసుము, రోజు రోజూ పెరుగుతోంది.

ఆ రోజు నేను గమనించి ఉండవలసింది ఒకటుంది. అవి ఒకే సమస్యలా కనిపిస్తున్న రెండు వేరు సమస్యలు. విడిభాగాలు లిథువేనియాలో పుట్టిన సరుకు. యంత్రాలు జర్మనీలో పుట్టిన సరుకు, వాటి లోపల లిథువేనియా భాగం ఉంది, అంతే. రెండింటినీ ఒకే ఫైలులో పెట్టి ఒకే పేరుతో పిలవడం నా మొదటి పొరపాటు.

మొదట చేసినవి, ఎందుకు పనికిరాలేదు

నా అనుభవంలో రేవులో ఆగిన సరుకుల్లో అత్యధికం హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు రకాన్ని తెలిపే అంకె) పొరపాటు వల్లనో, ఇన్వాయిస్‌కూ ప్యాకింగ్ లిస్టుకూ పొంతన లేకనో ఆగుతాయి. దానికి తోడు, పౌర, సైనిక అవసరాలు రెండింటికీ పనికివచ్చే వస్తువుల ఎగుమతిపై యూరోపియన్ యూనియన్ కొత్త నిబంధన 2021/821 మూడు నెలల కిందటే, సెప్టెంబర్ 9న అమల్లోకి వచ్చింది. లేజర్లు ఆ జాబితాలో ఒక ముఖ్యమైన విభాగం. కాబట్టి నా అనుమానం మొదట మన వైపే, అంటే ఎగుమతి పత్రాల వైపే వెళ్లింది. క్లయింటు యంత్రాల విడిభాగాల జాబితా నిర్వహించే చిన్న బృందం హైదరాబాద్‌లో ఉంటుంది. వాళ్లతో కూర్చుని (అప్పట్లో కూర్చోవడమంటే వీడియో కాల్‌లోనే) ప్రతి భాగం కోడ్, ప్రతి లేజర్ శక్తి, పల్సు నిడివి సరిచూశాం. ఇందులో ఏదీ లైసెన్సు అవసరమైన పరిమితులు దాటలేదు. ఒక చోట వర్ణన అస్పష్టంగా ఉందని కొత్త ఇన్వాయిస్ పంపాం. రేవు నుంచి కొత్త ప్రశ్న వచ్చింది. దానికి జవాబు పంపాం. మరో ప్రశ్న వచ్చింది. ఇలా తొమ్మిది రోజులు పోయాయి.

నాకు అనుమానం రావలసిన గుర్తు అందులోనే ఉంది. పత్రాల్లో నిజంగా లోపం ఉంటే అధికారి ఆ లోపాన్నే మళ్లీ మళ్లీ అడుగుతాడు. ఇక్కడ ప్రతిసారీ ప్రశ్న మారుతోంది, ఒక్కసారి కూడా తిరస్కరణ అనే మాట రావడం లేదు. ఇది నిర్ణయం తీసుకోని అధికారి ప్రవర్తన కాదు, నిర్ణయాన్ని కాగితం మీద పెట్టకూడదని ముందే తేల్చుకున్న చోట కనిపించే ప్రవర్తన.

రెండో ప్రయత్నం సేల్స్ విభాగం సూచన మీద చేసింది. విడిభాగాల ఆరిజిన్ సర్టిఫికెట్ (పుట్టిన దేశపు ధ్రువపత్రం)లో ‘లిథువేనియా’ బదులు ‘యూరోపియన్ యూనియన్’ అని పెడితే ఎలా ఉంటుందని వాళ్లు అడిగారు. ఇది మోసపు ఆలోచనేమీ కాదు. యూరప్‌లో వాణిజ్య మండళ్లు ఇచ్చే సర్టిఫికెట్లలో యూనియన్ పేరు రాయడం చట్టబద్ధమే, రోజూ జరిగేదే. ఒకే కస్టమ్స్ భూభాగం, ఒకే వాణిజ్య విధానం అని చెప్పుకునే యూనియన్‌లో ఈ పని చేయగలగాలి కూడా. కానీ చైనాలో దిగుమతిదారు నింపే డిక్లరేషన్‌లో ఏ సభ్య దేశమో చెప్పవలసిందేనని బ్రోకర్ వెనక్కి పంపాడు. యూరప్ ఒక్కటేనన్న మాట బ్రస్సెల్స్ గోడల మీద ఉన్నంత గట్టిగా రేవు కంప్యూటర్‌లో లేదని అప్పుడే తెలిసింది.

దాని వెంటే మరో సూచన వచ్చింది: పెట్టెను సింగపూర్‌కు రప్పించి, అక్కడ ప్యాకింగ్ మార్చి పంపడం. దీన్ని అక్కడికక్కడే కాదన్నాను. సరుకు ఏ దారిన వెళ్లినా పుట్టుక మారదు. మారిందని రాస్తే అది తప్పుడు డిక్లరేషన్, దానికి మొదట దొరికేది చైనాలోని కొనుగోలుదారు. పైగా అంతవరకు కారణం లేకుండా సరుకు ఆపినవాళ్ల చేతికి ఒక నిజమైన కారణాన్ని మనమే అందించినట్టవుతుంది.

మూడోది ప్రభుత్వ దారి. పరిశ్రమ సంఘం ద్వారా మంత్రిత్వ శాఖకు, అక్కడి నుంచి దౌత్య కార్యాలయానికి విషయం చేరింది. అక్కడి అధికారి మర్యాదగా, శ్రద్ధగా విన్నారు. విని ఒక్క ప్రశ్న వేశారు: తిరస్కరించినట్టు రాతపూర్వకంగా ఏమైనా ఉందా? లేదు. బ్రోకర్ ఫోన్లో చెప్పిన మాటలున్నాయి, అంతే. అప్పటికే చైనా విదేశాంగ శాఖ అలాంటి నిషేధమేదీ లేదని బహిరంగంగా అంటోంది. లేదన్న నిషేధాన్ని ఎత్తివేయమని అడగడం ఏ దౌత్యవేత్తకైనా కష్టమే. దీనికి తోడు క్లయింటు యజమాని తన సంస్థ పేరు బయటికి రావడానికి ఒప్పుకోలేదు. ఆయన అమ్మకాల్లో పెద్ద భాగం చైనాదే. ఆ భయాన్ని నేను తప్పు పట్టను. జనవరిలో జర్మన్-బాల్టిక్ వాణిజ్య మండలి, చైనాతో సంబంధాలు చక్కబడకపోతే జర్మన్ పెట్టుబడితో నడిచే ఫ్యాక్టరీలు మూతపడే ప్రమాదముందని లిథువేనియా ప్రభుత్వానికే లేఖ రాసింది. ఒత్తిడి ఎటు నుంచి ఎటు ప్రవహించాలని అనుకున్నారో, అటే ప్రవహిస్తోందన్నమాట.

ఒక సంతకం గురించి

క్రిస్మస్‌కు ముందు వచ్చిన ఒక ఈమెయిల్ ఈ కేసులో మలుపు. యంత్రాల కొనుగోలుదారు పంపిన రెండు పంక్తుల నమూనా ప్రకటన అది: ‘ఈ యంత్రాల్లో లిథువేనియాలో తయారైన భాగాలు లేవని, ఇకపై పంపే వాటిలోనూ ఉండవని ధ్రువీకరిస్తున్నాము.’ దీని మీద సంతకం చేసి ముద్ర వేసి పంపితే, తమ వైపు నుంచి పని త్వరగా అవుతుందని రాశారు.

మొదటి భాగం అబద్ధం కాబట్టి సంతకం కుదరదని సేల్స్ మేనేజర్‌కు కూడా తెలుసు. ఆయన ప్రశ్న మరింత తెలివైనది. క్లయింటు అమ్మే పాత నమూనా యంత్రం ఒకటుంది, దానిలో వేరే దేశపు లేజర్ వాడతారు. జనవరిలో అది ఒకటి పంపాలి. దానికైనా ఈ ప్రకటన ఇవ్వవచ్చు కదా, అది నిజమే కదా?

ఇక్కడే నేను గట్టిగా నిలబడవలసి వచ్చింది. జర్మనీ విదేశీ వాణిజ్య నియమావళిలో 7వ సెక్షన్ అని చిన్నది ఒకటుంది. మరో దేశానికి వ్యతిరేకంగా జరిగే బహిష్కరణలో పాలుపంచుకునేలా, జర్మనీలో నివసించే వ్యక్తి గాని సంస్థ గాని విదేశీ వ్యాపారంలో ప్రకటన ఇవ్వడాన్ని అది నిషేధిస్తుంది. దశాబ్దాల కిందట ఇజ్రాయెల్‌పై అరబ్ దేశాల బహిష్కరణ నాటి అనుభవం నుంచి వచ్చిన నిబంధన ఇది. గల్ఫ్ ఎగుమతులు చూసేవాళ్లకు తప్ప మిగతావారికి పెద్దగా తెలియదు. అది అడిగేది ప్రకటన నిజమా అబద్ధమా అని కాదు, ప్రకటన స్వభావం ఏమిటని. ‘ఈ సరుకు జర్మనీలో పుట్టింది’ అని చెప్పడం వాణిజ్య సమాచారం. ‘ఈ సరుకులో ఫలానా దేశానిది ఏదీ లేదు’ అని చెప్పడం బహిష్కరణలో భాగం పంచుకోవడం. రెండూ ఒకే యంత్రం గురించి, రెండూ అక్షరాలా నిజమే కావచ్చు. ఒకటి చట్టబద్ధం, మరొకటి భారీ జరిమానాకు దారితీసే ఉల్లంఘన.

ఈ నిబంధన లిథువేనియా విషయంలో వర్తిస్తుందా అని కంపెనీ న్యాయవాది సందేహించారు. చైనా అధికారికంగా బహిష్కరణ ప్రకటించలేదు కదా అన్నది ఆయన వాదన. వాదనలో పస ఉంది. కానీ నేను వేసుకున్న లెక్క వేరు. సంతకం చేసి తప్పని తేలితే జరిమానాతో పోదు, ఎగుమతిదారుగా ఆ సంస్థకు కస్టమ్స్ దగ్గర ఉన్న విశ్వసనీయత మొత్తం ప్రశ్నార్థకమవుతుంది. చేయకపోతే పోయేది రెండు యంత్రాల ఆలస్యం. పైగా ‘ఇకపై ఉండవు’ అన్న వాగ్దానం భవిష్యత్తులో సప్లయర్లను ఎంచుకునే హక్కును కొనుగోలుదారు చేతిలో పెడుతుంది. చివరికి యజమాని సంతకం చేయకూడదని నిర్ణయించారు. ఆయన చెప్పిన కారణం నా కారణాలకంటే సూటిగా ఉంది: ఇవాళ లిథువేనియా లేదని రాసిస్తే, రేపు మరో దేశం పేరుతో ఇలాంటి కాగితమే వస్తుందని.

అదే సెక్షన్, చేయకూడనిది చెబుతూనే చేయగలిగిందేమిటో చూపించింది. లేదని చెప్పలేం, కానీ ఉన్నదేమిటో ఎంత వివరంగానైనా చెప్పవచ్చు.

ఏది పనిచేసింది, ఎంతవరకు

జనవరి మొదటి వారంలో ఫైలును రెండుగా చీల్చాం. యంత్రాలకు పుట్టుక గురించి కొత్త పత్రాల సమాహారం తయారుచేశాం. ముందు నేను యూరోపియన్ యూనియన్ కస్టమ్స్ కోడ్ ప్రకారం వాదన రాశాను. చివరి గణనీయమైన తయారీ ఎక్కడ జరిగిందో అదే పుట్టిన దేశమని 60వ అధికరణం చెబుతుంది. రాసి చదివాక, దీన్ని చదవబోయేది ఎవరని ఆలోచించి మొత్తం పక్కన పెట్టాను. దిగుమతి చేసుకునే దేశం తన నిబంధనలతోనే చూస్తుంది. చైనా నిబంధనల్లో ప్రధాన కొలమానం, తయారీ తరువాత హెచ్‌ఎస్ కోడ్‌లో మొదటి నాలుగు అంకెలు మారాయా లేదా అన్నది. విడిగా లేజర్ 9013 కిందికి వస్తుంది. లేజర్‌తో కోసే యంత్రం 8456 కిందికి వస్తుంది. అంటే చైనా సొంత కొలత ప్రకారమే, లోపలి లేజర్ ఎక్కడిదైనా యంత్రం జర్మనీది. ఈ ఒక్క వాక్యాన్ని ముందు పెట్టి, దాని వెనక అసెంబ్లీ ఫోటోలు, పరీక్షల నివేదికలు, వాణిజ్య మండలి సర్టిఫికెట్ జతచేసి, చైనీస్‌లోకి అనువదించి, కొనుగోలుదారు ద్వారా పంపాం. ఎక్కడా లిథువేనియా పేరు దాచలేదు, ఎక్కడా అది లేదని అనలేదు.

మొదటి యంత్రం ఫిబ్రవరిలో, వసంతోత్సవ (చైనా కొత్త సంవత్సరం) సెలవుల తరువాత విడుదలైంది. రెండోది మార్చి మధ్యలో. ఇది నా పత్రాల వల్లే జరిగిందని చెప్పుకోవాలని ఉంటుంది గాని, నిజాయితీగా చెప్పాలంటే నాకు తెలియదు. కొనుగోలుదారుకు ఆ యంత్రాలు తక్షణం కావాలి, స్థానిక అధికారులతో వాళ్లకు పరిచయాలున్నాయి. నా అంచనా ఏమిటంటే, విడుదల చేయాలన్న కోరిక ఇతర కారణాల వల్ల పుట్టింది, అలా కోరుకున్న అధికారికి సంతకం పెట్టడానికి ఆధారంగా మా పత్రాలు పనికివచ్చాయి. ఆధారం లేకపోతే కోరిక ఉన్నా చేయి కదలదు. ఇలాంటి కేసుల్లో పత్రాల పాత్ర బహుశా అంతే, అది తక్కువేమీ కాదు.

విడిభాగాల విషయంలో నేను ఏదీ సాధించలేకపోయాను. అవి ఏ కొలతతో చూసినా లిథువేనియావే. చైనాలో ముందే నిల్వ ఉన్న కొద్ది లేజర్లను ఏ కస్టమర్‌కు ముందు ఇవ్వాలో వరుస వేసుకుని నెలలు నెట్టుకొచ్చాం. ఈలోగా ఇంజనీర్లు యంత్రంలో లేజర్ కూర్చునే భాగాన్ని, రెండు వేర్వేరు సోర్సుల్లో ఏదైనా అమర్చగలిగేలా మార్చారు. అది ఎనిమిది నెలల పని. ఇకమీదట చైనాకు వెళ్లే యంత్రాల్లో రెండో సోర్సు, మిగతా ప్రపంచానికి లిథువేనియా సోర్సు. వ్యాపారపరంగా ఇది తెలివైన పరిష్కారమే. కానీ ప్రకటన మీద పెట్టని సంతకాన్ని డిజైన్‌లో పెట్టినట్టయిందని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. చట్టం కాగితాన్ని నిషేధిస్తుంది, కొనుగోలు నిర్ణయాన్ని నిషేధించలేదు. ఆ తేడాను వాడుకోమని సలహా ఇచ్చింది నేనే.

మరొక పని ఆ సమయంలో చిన్నదిగా కనిపించింది. డిసెంబర్ చివరి నుంచి ప్రతి ఫోన్ సంభాషణను తేదీ, సమయం, అవతలివారి హోదా, వాళ్లు వాడిన మాటలతో సహా అదే రోజు రాసిపెట్టడం మొదలుపెట్టాం. జాబితాలో దేశం పేరు లేని రోజున బ్రోకర్ తీసిన స్క్రీన్‌షాట్‌ను కూడా సంపాదించాం. క్లయింటు పేరు తీసేసిన రూపంలో ఈ దినచర్యను (డైరీని) పరిశ్రమ సంఘం ద్వారా యూరోపియన్ కమిషన్‌కు అందజేశాం. ఆ రోజుల్లో కమిషన్ ఇలాంటి ఆధారాలను చాలా కంపెనీల నుంచి సేకరిస్తోంది. 2022 జనవరి 27న యూరోపియన్ యూనియన్ ప్రపంచ వాణిజ్య సంస్థలో చైనాపై ఫిర్యాదు చేసినప్పుడు, అందులో లిథువేనియా సరుకులను ఆపడంతో పాటు, ఇతర సభ్య దేశాల కంపెనీలు తమ సరఫరా గొలుసుల నుంచి లిథువేనియా భాగాలను తీసేసేలా ఒత్తిడి తెస్తున్నారన్న ఆరోపణ కూడా ఉంది. దానికి ఆధారమైన వాటిలో మా కాగితాలూ ఉన్నాయో లేదో ఎవరూ చెప్పరు, చెప్పనవసరమూ లేదు.

ఆ ఫిర్యాదు గతి కూడా ఈ కేసుకు సంబంధించిందే. 2023 జనవరిలో విచారణ ప్యానెల్ ఏర్పడింది. సరిగ్గా ఏడాదికి, 2024 జనవరిలో, యూనియనే విచారణను నిలిపివేయమని కోరింది. పన్నెండు నెలలు దాటితే ప్యానెల్ అధికారం దానంతటదే ముగుస్తుంది, అలాగే 2025 జనవరిలో ముగిసింది. 2022 జనవరి నుంచి అక్టోబర్ వరకు చైనాకు లిథువేనియా ఎగుమతులు అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 80 శాతం పడిపోయాయని చైనా కస్టమ్స్ గణాంకాలే చూపించాయి. ఫలితం అంకెల్లో కనబడుతోంది, కానీ దానికి కారణమైన ఆదేశాన్ని కాగితం మీద చూపడం కష్టం. రేవులో మాకు ఎదురైన గోడే జెనీవాలో, ప్రపంచ వాణిజ్య సంస్థ దగ్గర, యూనియన్‌కూ ఎదురై ఉంటుందని నా ఊహ.

ఈ కేసు తరువాత నా పనిలో మారినవి

ఒప్పందాల్లో అనివార్య పరిస్థితుల నిబంధనను ఇప్పుడు వేరుగా రాయిస్తున్నాను. పాత ఒప్పందంలో ‘ప్రభుత్వ ఉత్తర్వు’ అని ఉండడం వల్ల ఆలస్యపు జరిమానా నుంచి క్లయింటు తప్పించుకోలేకపోయాడు. ఉత్తర్వు చూపించమన్నారు, అది లేదు. ఇప్పుడు ‘రాతపూర్వకమైనా కాకపోయినా, ప్రభుత్వ అధికారుల చర్య వల్ల గాని, చర్య తీసుకోకపోవడం వల్ల గాని’ అని పెట్టిస్తున్నాను. అవతలి పక్షం బేరమాడుతుంది, ఆడనివ్వాలి.

విడిభాగాల జాబితాలో ప్రతి భాగం ఏ దేశానిదో రాసే గడి అంతకు ముందూ ఉండేది, కానీ దాన్ని సుంకాల కోసమే వాడేవాళ్లం. ఇప్పుడు హైదరాబాద్ బృందం ఆ గడిని రెండు అంచెల లోతుకు నింపుతోంది. సప్లయర్ దేశం, ఆ సప్లయర్‌కు సప్లయర్ దేశం. ఇది రాజకీయ జోస్యం కోసం కాదు. వార్తల్లో ఒక దేశం పేరు వచ్చిన రోజున, మన ఏయే యంత్రాలకు అది తగులుతుందో గంటలో చెప్పగలగడం కోసం.

యూనియన్ స్థాయిలో కూడా సాధనం మారింది. ఈ వివాదం నడుస్తుండగానే, 2021 డిసెంబర్ 8న కమిషన్ ప్రతిపాదించిన ఒత్తిళ్ల నిరోధక చట్టం 2023 డిసెంబర్ 27న అమల్లోకి వచ్చింది. ఒక సభ్య దేశపు విధానాన్ని మార్చడానికి వాణిజ్యంతోనో పెట్టుబడితోనో ఒత్తిడి తెస్తే, కమిషన్ పరిశీలించి, సభ్య దేశాల మండలి ఓటుతో అది బలవంతపు ఒత్తిడేనని తేల్చి, చివరి మార్గంగా ప్రతిచర్య తీసుకోవచ్చు. ఇందులో నాకు నచ్చింది, ఒత్తిడి అనధికారికంగా ఉన్నా పరిశీలించే వీలు ఉండడం. నచ్చనిది కాలవ్యవధి. పరిశీలనకే నాలుగు నెలలు. మా యంత్రాలు ఆగింది అంతకంటే తక్కువ కాలమే.

అయితే లిథువేనియా అచ్చును ప్రతి కేసు మీదా నొక్కకూడదన్న సంగతి 2025లో తెలిసివచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 4న చైనా ఏడు అరుదైన లోహాల (రేర్ ఎర్త్‌ల) ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. సెప్టెంబర్ 30న డచ్ ప్రభుత్వం, చైనా యాజమాన్యంలో ఉన్న చిప్‌ల కంపెనీ నెక్స్‌పీరియా విషయంలో 1952 నాటి సరుకుల లభ్యత చట్టాన్ని ప్రయోగించగా, నాలుగు రోజుల్లోనే చైనాలోని ఆ కంపెనీ ప్లాంటు నుంచి చిప్‌ల ఎగుమతిని అక్కడి ప్రభుత్వం నిలిపివేసింది. యూరప్‌లో తయారైన చిప్‌లు ప్యాకేజింగ్ కోసం చైనాకు వెళ్లి తిరిగి రావడం వల్ల కార్ల ఫ్యాక్టరీలు వణికిపోయాయి. ఈ రెండు సందర్భాల్లోనూ కాగితం ఉంది. ప్రకటన ఉంది, దరఖాస్తు ఫారం ఉంది, తిరస్కరిస్తే తిరస్కరణ ఉంటుంది. కాగితం ఉన్నచోట పని వేరు: ఫారం పూర్తిగా నింపాలి, వరుసలో ముందు నిలబడాలి, తుది వినియోగదారు ఎవరో అడిగినప్పుడు ఎంతవరకు చెప్పాలో ముందే తేల్చుకోవాలి. అరుదైన లోహాల కోసం వచ్చిన ఒక క్లయింటు విషయంలో నేను పాత అలవాటుతో ఫోన్ల దినచర్య రాయించడం మొదలుపెట్టి, రెండు రోజుల తరువాత ఆపించాను. అక్కడ కావలసింది దరఖాస్తు, దినచర్య కాదు. కాబట్టి ఇప్పుడు ఏ క్లయింటు ఫోన్ చేసినా మొదట అడిగేది సరుకు ఏమిటని కాదు, ఆపినట్టు ఎవరైనా కాగితం ఇచ్చారా అని.

విడిభాగాల పెట్టె సంగతి చెప్పలేదు. మార్చి ఆఖరున షాంఘైలో లాక్‌డౌన్ మొదలయ్యాక ఆలస్యం దేనివల్లో విడదీసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాలేదు. చివరికి మే నెలలో పెట్టెను వెనక్కి రప్పించాం. పంపిన సరుకు మూడేళ్లలోపు మార్పు లేకుండా తిరిగి వస్తే యూనియన్‌లో సుంకం ఉండదు, కానీ ఎందుకు తిరిగి వచ్చిందో చెప్పాలి. జర్మన్ కస్టమ్స్ అధికారిణి నాకు ఫోన్ చేసి, అవతలి దేశం ఇచ్చిన తిరస్కరణ పత్రం జతచేయడం మరిచిపోయినట్టున్నారు అన్నారు. మరిచిపోలేదని, అలాంటిది లేదని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, అయితే కారణం గడిలో మీరే ఒక వాక్యం రాయండి అన్నారు. ‘గమ్య దేశంలో క్లియరెన్స్ పూర్తి కాలేదు’ అని రాశాను.